మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్

రాయచోటి నుంచి కువైట్‌కు హౌస్ డ్రైవర్‌గా వెళ్లే యువకుడికీ, కూకట్‌పల్లి నుంచి డల్లాస్‌కు బదిలీ అయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ జీతంలోనూ జీవితంలోనూ పోలిక తక్కువ. కారు తాళం చేతికొచ్చే వేళకు మాత్రం ఇద్దరిదీ ఒకే వరుస. ఇక్కడ ఎన్నేళ్లు బండి నడిపినా అక్కడ మళ్లీ పరీక్షకు నిలబడాల్సిందే. ఘాట్ రోడ్డులో లారీ ఎక్కించి దించినవాడైనా, అమీర్‌పేట రద్దీలో గీత పడకుండా కారు తిప్పుకొచ్చినవాడైనా కొత్త దేశం లెక్కలో నిన్న ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న కుర్రాడే. కొందరికి ఇది చిన్నతనంగా తోస్తుంది. మన అనుభవానికి విలువే లేదా అని నొచ్చుకుంటారు. ఆ నొప్పిలో కొంత న్యాయం ఉంది, కొంత లేదు.

రోడ్డు రవాణాపై 1949లో జెనీవాలో కుదిరిన ఒప్పందంలో మన దేశమూ భాగస్వామే. దాని ప్రకారమే మన ఆర్టీఓ ఆఫీసులు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తాయి. గడువు ఏడాది. చాలామంది దాన్ని విదేశీ లైసెన్సే అనుకుంటారు. నిజానికి అది మన లైసెన్సు వివరాలను పరాయి దేశపు పోలీసు చదువుకోవడానికి వీలుగా వేర్వేరు భాషల్లో రాసిన పత్రం. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. అదీ వచ్చిపోయేవారి సౌకర్యం కోసమే. కాపురం పెట్టేవారికి లెక్క వేరు. బ్రిటన్‌లో స్థిరపడినవారు మన లైసెన్సుతో 12 నెలలు నడపొచ్చు, జర్మనీలో 6 నెలలు. టెక్సస్ కొత్త నివాసికి 90 రోజులిస్తే, కాలిఫోర్నియా 10 రోజుల్లోనే తన లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమంటుంది. చుట్టానికి మర్యాద, ఇంటివాడికి కట్టుబాటు అన్నట్టే ఇదీ.

అయితే అందరికీ ఈ పరీక్షలు లేవు. ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, సింగపూర్ వంటి దేశాల లైసెన్సును బ్రిటన్ పరీక్ష లేకుండానే తన లైసెన్సుగా మార్చి ఇస్తుంది. 2021లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కూడా ఆ జాబితాలో చేరింది. భారత్ లేదు. కరీంనగర్‌లో లైసెన్సు తీసుకుని, తర్వాత దుబాయిలో శిక్షణ పొంది అక్కడి పరీక్ష నెగ్గిన మనిషి లండన్ వెళ్లి స్థిరపడ్డాడనుకుందాం. దుబాయి కార్డు చూపితే బ్రిటిష్ లైసెన్సు వస్తుంది. కరీంనగర్ కార్డు చూపితే రాదు. మనిషి ఒకడే, చేతులు అవే. తేడా అంతా ఆ చేతులకు పెట్టిన పరీక్షలోనే ఉంది.

మన దగ్గర ఆ పరీక్ష ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తుండగా ఎనిమిది వేసి, హెచ్ ట్రాక్‌లో వెనక్కి తీసుకొస్తే అయిపోయినట్టే. మంచి ఏజెంటు దొరికితే కొన్నిచోట్ల ఆ శ్రమా తప్పుతుంది. బ్రిటన్‌లో థియరీలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రాయాలి. ఆపైన వీడియోలు చూపించి, ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఎంత ముందుగా పసిగట్టారో కొలుస్తారు. ఆ తర్వాత అధికారి పక్కన కూర్చుని 40 నిమిషాల పాటు అసలు రోడ్ల మీదే నడిపిస్తాడు.

అమెరికాలో మనవాళ్లు పరీక్ష తప్పితే అది స్టీరింగ్ తిప్పడం రాక కాదు. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆపరు. లేన్ మారేటప్పుడు తల తిప్పి చూడరు. పసుపు రంగు స్కూలు బస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగితే, డివైడర్ లేని రోడ్డులో ఎదురుగా వచ్చే కారూ ఆగాలన్నది వారికి కొత్త. ఇక్కడ హారన్‌తో నడిపించే పనిని అక్కడ ఓపికతో నడిపించాలి. ఇక్కడ ఎన్నడూ కారు నడపని ఇల్లాలు అక్కడ మొదటిసారి నేర్చుకుంటుంటే, మరిచిపోవాల్సిన పాత అలవాట్లు లేకపోవడమే ఆమెకు కలిసొస్తుంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. ఆ చావులన్నిటినీ లైసెన్సు పరీక్ష ఖాతాలో వేయలేం. అయినా ఓపికను పరీక్షించకుండా కార్డు చేతిలో పెడుతున్నామన్నది నిజం. కాబట్టి మళ్లీ పరీక్ష రాయమంటే నొచ్చుకోవడంలో అర్థం లేదు.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం మనవాళ్ల ఫిర్యాదు సబబైనదే. ఇక్కడ వరుసగా ఐదేళ్లు క్లెయిము లేకుండా గడిపితే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. ఆ బోనసు బండిది కాదు, యజమానిది. విమానం దిగేసరికి అది ఆవిరైపోతుంది. అక్కడి చాలా కంపెనీలు అతణ్ని కొత్త డ్రైవరుగానే లెక్కగడతాయి. పైగా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ చరిత్రను బట్టి కూడా ప్రీమియం మారుతుంది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం దీన్ని ఒప్పుకోవు. అప్పు లేని మనిషిని మనం బుద్ధిమంతుడంటాం. అక్కడి లెక్కలో అతడు ముక్కూమొహం తెలియనివాడు. పదిహేనేళ్లు ప్రమాదం లేకుండా నడిపానని కాగితం చూపినప్పుడు దాన్ని పట్టించుకోవడం కంపెనీలకు పెద్ద కష్టమేమీ కాదు. కొన్ని పట్టించుకుంటున్నాయి కూడా. అందుకే ఒక్కచోట కాదన్నారని ఊరుకోకుండా నాలుగు చోట్ల అడగాలి.

చవక పాలసీ దొరికిందన్న సంబరంలో ఒక తేడా మరిచిపోకూడదు. మన థర్డ్ పార్టీ పాలసీలో మరణానికీ గాయాలకూ పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత పరిహారం ఇమ్మంటే అంతా బీమా కంపెనీయే కడుతుంది. అమెరికాలో పాలసీలో రాసిన అంకె వరకే. టెక్సస్ చట్టం కోరే కనీస మొత్తం ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. అక్కడి ఆస్పత్రి బిల్లులకు ఆ 30 వేలు ఒక మూలకు రావు. మిగిలింది నడిపిన మనిషి మెడకు చుట్టుకుంటుంది. నలుగురు రూమ్మేట్లు కలిసి పాత కారు కొని, డబ్బు కలిసొస్తుందని పాలసీలో ఒక్కరి పేరే రాయించే అలవాటు విద్యార్థుల్లో ఉంది. పేరు లేని కుర్రాడి చేతిలో ప్రమాదం జరిగితే కంపెనీ క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది. నెలకు మిగిల్చిన కొద్ది డాలర్లకు చదువు, ఊళ్లో తల్లిదండ్రులు చేసిన అప్పు రెండూ పణంగా పెట్టినట్టవుతుంది.

వెళ్లేవారు కాగితాలు ముందే సర్దుకోవాలి. మొదట లైసెన్సు జారీ అయిన తేదీ తెలిపే రికార్డు, అంతర్జాతీయ పర్మిట్, బీమా కంపెనీ ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ లేఖ పాస్‌పోర్టు పక్కనే ఉండాలి. రవాణా శాఖ వంతు పని ఇంకా పెద్దది. లైసెన్సుల వివరాలు చాలావరకు సారథి పోర్టల్‌లోకి చేరిన ఈ రోజుల్లో, అడిగినవారికి నమ్మదగ్గ డ్రైవింగ్ చరిత్ర పత్రం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. దానికన్నా ముందు పరీక్షను ట్రాకు మీంచి రోడ్డు మీదికి తేవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కష్టపడి సంపాదించుకునే రోజున మన లైసెన్సుకు పరాయి దేశంలోనూ గౌరవం దక్కుతుంది. ఆలోగా ఇక్కడి రోడ్ల మీద కొన్ని ప్రాణాలూ నిలుస్తాయి.