ఇది ఏ చెట్టుది?

జిన్ మార్టినీ విషయంలో నాకు చాదస్తం ఎక్కువ. ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది. జిన్ సీసా, గ్లాసు రెండూ ముందురోజు రాత్రి నుంచే ఫ్రీజర్‌లో ఉండాలి. ఐదు పాళ్ళ జిన్‌కి ఒక పాలు డ్రై వెర్మూత్. ఐసు మీద పోసి, పొడుగు చెంచాతో అర నిమిషం నిదానంగా తిప్పాలి. షేకర్‌లో వేసి ఊపితే గాలి బుడగలు, ఐసు నలుసులు చేరి మసకబారుతుంది, నీళ్ళూ ఎక్కువ కలుస్తాయి. జేమ్స్ బాండ్ ఏమైనా అననీ. ఆలివ్ వద్దు, నిమ్మతొక్క చాలు. ఇక వెర్మూత్ సంగతి. అది వైన్. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, నెలా రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. మన బార్లలో అది లైట్ల వేడికి షెల్ఫ్ మీదే నిలబడి ఉంటుంది. ఎప్పుడు తెరిచారని ఒక చోట అడిగితే, సీసా పాతబడితే ఇంకా మంచిది కదా సార్ అన్నాడు కుర్రాడు. తప్పు వాడిది కాదనుకోండి, వాడికి నేర్పనివాళ్ళది.

ఈ ముచ్చట హైదరాబాద్‌లో ఏ సాహిత్య మిత్రుల మధ్య చెప్పినా ఎవరూ నవ్వరు. పైగా తలా ఒక పుస్తకం తీస్తారు. సినిమా దర్శకుడు లూయీ బున్యుయెల్ 1982లో వచ్చిన తన జ్ఞాపకాల్లో మార్టినీకి పేజీలు కేటాయించాడు. ఐసు మీద వెర్మూత్ చుక్కలు వేసి, ఊపి, ఆ ద్రవమంతా పారబోసి, ఐసుకి అంటిన వాసన మీద జిన్ పోసుకుంటాడాయన. అమెరికన్ వ్యాసకర్త బెర్నార్డ్ డివోటో 1951లో పుస్తకమే రాశాడు. జిన్, వెర్మూత్ పాళ్ళు 3.7కి 1 అని దశాంశాల్లోకి పోయాడు. హెమింగ్వే 1950 నాటి నవలలో కల్నల్ గారికి పదిహేనుకి ఒకటి కావాలి. ఇవన్నీ చదివి మనవాళ్ళు మురిసిపోతారు. అభిరుచి అంటే అట్లా ఉండాలంటారు.

ఇప్పుడు మెట్‌పల్లికి పోదాం. నిజామాబాద్ నుంచి జగిత్యాల పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. పసుపు మార్కెట్‌కీ ఖాదీకీ పేరున్న ఊరు. దుబాయి పోయినోళ్ళు లేని వాడకట్టు వెతికితే దొరకదు. ఆ పక్క పల్లెల్లో నేను చూసిన పెద్దమనుషుల చాదస్తం ముందు నాది ఎంత! మా పెద్దనాయన రేక పట్టే ముందు ఒక్కటే అడిగేటోడు:

"ఇది ఏ చెట్టుది మామా?"

ఆ మాటకు గౌడు మామ నొచ్చుకునేవాడు కాదు. ఒర్రె ఒడ్డు మీది వంకర ఈత అనో, గుట్ట కింది జంట తాళ్ళల్లో పొట్టిదనో నిమ్మళంగా చెప్పేవాడు. ఒక్కోసారి మా పెద్దనాయన తల అడ్డంగా ఊపేవాడు. "అది నీళ్ళ పక్కన చెట్టు, పలుచగుంటది. గుట్టదుంటే పొయ్యి, లేకుంటే రేపొస్త." నీళ్ళ పక్కన చెట్టు కల్లు నిజంగానే పలుచగా ఉంటుందా అంటే నేను ప్రయోగశాల పెట్టి చూడలేదు. 3.7 పాళ్ళని ఎవరు పెట్టి చూశారు?

చెట్టు తేలడమంటే మాటలు కాదు. మొదట ఈతా తాడా అని తేలాలి. ఈత చలికాలపుది. మొవ్వు కింద మట్టలు చెక్కి, అక్కడ గీత పెడతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరో ఏడు అవతలి పక్క. అందుకే ముదురు ఈత చెట్టు మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది, ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేండ్లు గీశారో చెప్పవచ్చు. తాడైతే గెలని చెక్కుతారు, రోజుకి రెండు మూడుసార్లు, వెంట్రుకంత మందాన. పోద్దాడంటే మగచెట్టు. పరుపుదాడూ పండుదాడూ ఆడచెట్లే, గెల ఏ అదునులో ఉందన్నదాన్ని బట్టి పేరు. ఏ నెలలో ఏది పారుతుందో తెలియనివాడు మండువలో నోరు మెదపడు.

చెట్టు తేలినంక పూట. లొట్టిలో చుక్క పడ్డప్పటి నుంచే ఈస్టు పని మొదలుపెడుతుంది. తెల్లారి దించింది తియ్యగా, పొద్దెక్కినకొద్దీ నురగ, పగటికి ఘాటు, మాపటికి పులుపు. దీంట్లో ఎవరి గడియ వాళ్ళది. ఆడవాళ్ళు పొద్దుటిది అడిగేవారు. కూలికి పోయొచ్చినోళ్ళు ఒళ్ళునొప్పులకి మాపటిది. మా పెద్దనాయనకు మాత్రం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య కావాలి, తీపి విరిగి నాలుక మీద కొంచెం చుర్రుమనే గడియ. ఆ గంట తప్పితే ఆ రోజు తాగుడే లేదు. తర్వాత లొట్టి కడిగి ఎండబెట్టిండా లేదా. ఆ తర్వాత రేక. తాటాకు అప్పటికప్పుడు కోసి మడిస్తే పచ్చివాసన కల్లులో కలుస్తుంది. ప్లాస్టిక్ మగ్గు కనిపిస్తే లేచిపోయేవాడు. నంజుకు వట్టి చేప కాల్చింది, లేకుంటే శనగ గుడాలు. మొదటి చుక్కలు ఎల్లమ్మకి సాక, నేల మీదికి. బున్యుయెల్ పారబోస్తే కళ అయింది, మా పెద్దనాయన పోస్తే మూఢనమ్మకం అయింది!

నా గొడవ ఇదే. మార్టినీ తాగేవాడిది అభిరుచి, కల్లు తాగేవాడిది అలవాటు. ఈ రెండు మాటలు పంచిపెట్టింది ఎవరు? కల్లు మీద మన దగ్గర రెండే గొంతులు వినబడతాయి. ఒకటి నీతి చెప్పేది: సంసారాలు కూలుస్తుంది, బంద్ చెయ్యాలి. రెండోది మన సాహిత్యపు గొంతు: పల్లె తల్లి, తాటివనం, అమృతం, మూలాలు. నాకు మొదటివాళ్ళ కన్నా రెండోవాళ్ళ మీదే కోపం. నేను చదివిన కథల్లో, కవితల్లో కల్లు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఒక్కసారి కూడా పులిసిపోదు. ఈ చెట్టుది నాకొద్దని పక్కకు జరిపే పాత్ర నాకు తగల్లేదు. అమృతానికి రకాలెందుకుంటాయి? పొగిడినవాళ్ళు కూడా అది తాగే మనిషికి నాలుక ఉందనీ, ఆ నాలుకకి ఒప్పూ తప్పూ తెలుసనీ ఒప్పుకోలేదు. తాగేవాళ్ళు ఏ వాడలవాళ్ళో, ఏ కులాలవాళ్ళో గుర్తుంటే ఈ మర్యాద ఎందుకు దక్కలేదో వేరే చెప్పక్కర్లేదు.

ఇది మర్యాదల పంచాయితీ మాత్రమే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. నాలుకని లెక్కచెయ్యని చోటికి పొడి వచ్చింది.

పోయిన చలికాలం ఊరికి పోయినప్పుడు రోడ్డు పక్క దుకాణంలో సీసా తీసుకుని అలవాటు కొద్దీ అడిగాను, ఇది ఏ చెట్టుది తమ్మీ అని. వాడు నా మొఖం చూసి, "చెట్టేందన్నా, డిపోది" అన్నాడు. వాడు ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే ప్రశ్న అర్థం కాలేదు. తాగితే తీపి శాక్రిన్‌ది. నాలుక వెనక ఒక చేదు. పొద్దున ఎట్లుందో మాపున అట్లే ఉంటుంది, ఎండాకాలం ఎట్లుందో చలికాలం అట్లే. అందరూ డైజోఫాం అనే డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్, ఇప్పుడు అల్ప్రాజోలం. ఒకటి భయం తగ్గించే బిళ్ళ, ఒకటి నిద్రమందు, అంతే. ఈ మూడింటికీ ఏ చెట్టుతోనూ చుట్టరికం లేదు. ఒక చెట్టు రోజుకి ఇచ్చేది కొన్ని లీటర్లే. ప్లాట్లు పడ్డచోటల్లా ఈత చెట్లు పోయాయి, ఎక్కేవాళ్ళ కొడుకులు గల్ఫ్‌కి పోయారు, దుకాణాల్లో సీసాలు మాత్రం తగ్గలేదు. మిగిలినదంతా ఎక్కడినుంచి వస్తుందో లెక్క రానివాడికి కూడా తెలుస్తుంది.

2015లో కల్తీ మీద దాడులు పెరిగి పొడి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు ఏమైందో గుర్తుందా? మా పక్కనే నిజామాబాద్‌లో, మెదక్‌లో, మహబూబ్‌నగర్‌లో జనం ఆసుపత్రులకు వరుస కట్టారు. చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, లేనివి కనిపించాయి. ఈ మందులు అలవాటైన ఒంటికి ఉన్నట్టుండి ఆపితే అట్లాగే అవుతుంది. వాళ్ళు తాగింది చెట్టు కల్లే అయితే దుకాణం మూసిన నాడు తిట్టుకుంటూ ఇంటికి పోయేవారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీదికి పోయినవాళ్ళు ఉన్నారు. నమూనాల్లో అల్ప్రాజోలం దొరికింది. వార్త వారం రోజులు నడిచింది. తాటివనాల కవులెవరూ గొంతెత్తినట్టు నాకు వినబడలేదు.

బంద్ చెయ్యమంటారా? మూసినంత మాత్రాన ఒంట్లో ఉన్న మందు పోదని 2015 చూపించింది, వైద్యం లేకుండా మూస్తే చచ్చేది మళ్ళీ తాగేవాడే. గౌడుల పొట్ట కొట్టొద్దంటారా? ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున్నే చెట్టెక్కే మనిషికి పొడితో పని లేదు. పొడికే ఆ మనిషితో పని లేదు. ఒక పొట్లంతో నిండే డ్రమ్ముకి ఎవరూ నలభై అడుగులు ఎక్కనక్కర్లేదు. అతని పొట్ట కొట్టింది ఎవరో అక్కడే ఉంది. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరిట తాళ్ళూ బెల్టులూ ఇచ్చింది. మంచి పని, ఏండ్ల తరబడి పడి నడుములు విరిగినవాళ్ళు ఉన్నారు. కానీ ప్రాణం పణంగా పెట్టి దించిన లొట్టికీ, రూములో కలిపిన డ్రమ్ముకీ దుకాణంలో ఒకటే సీసా, ఒకటే ధర అయితే ఆ మనిషి కవచం కట్టుకుని ఎక్కడం ఎందుకు?

నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. నేనూ పోయాను, నీర బాగానే ఉంది. అయితే అది పులవనిది, మా పెద్దనాయన గడియకి ముందే ఆగిపోయినది. ఇప్పుడు కల్లుతో కాక్‌టెయిల్ చేస్తామనే బార్‌టెండర్లూ ఉన్నారు. చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే బార్‌లో హపుసా జిన్ అడిగితే జునిపర్ కాయలు హిమాలయాలవని గొప్పగా చెబుతారు. కల్లు ఎక్కడిదంటే "లోకల్ సార్" అంటారు. యూరప్‌లో జునిపర్ రుచి ముందుగా తెలియకపోతే, 37.5 శాతం ఆల్కహాల్ లేకపోతే దాన్ని జిన్ అని అమ్మనివ్వరు. జిన్ అనే పేరుకి అంత కాపలా. మన దగ్గరా కల్తీ నేరమే, కాదనను. కానీ చెట్టే లేని నీళ్ళని కల్లు అని పిలుస్తుంటే ఆ పేరు మాది అని అడిగేవాళ్ళు లేరు.

నేను అడిగేది పెద్దది కాదు. దుకాణం ముందు ఒక పలక పెట్టండి. ఈతా, తాడా. ఏ ఊరి శివారుది. ఎన్ని గంటలకు దించింది. దించినవాడి పేరు. నాలుగు మాటలు. పొడి కలిపేవాడు అబద్ధమే రాస్తాడంటారేమో, రాయనీ. రాసిన అబద్ధాన్ని పట్టుకోవచ్చు, చలికాలంలో రాయాల్సిందేదో తెలిసిన ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళో ఇంకా నలుగురున్నారు. మార్చి దాటినంక పలక మీద ఈత అని ఉంటే వాళ్ళు నవ్వుతారు. ఎక్సైజు వాళ్ళ కిట్‌కన్నా ముందే పట్టుకుంటారు. అడిగేవాడు ఉంటేనే చెప్పేవాడు ఉంటాడు. అడగడం మాన్పించిన పాపంలో సగం మనది, చదువుకున్నవాళ్ళది. నాతో సహా. నేను పదేండ్లు వెర్మూత్ తేదీలు అడుగుతూ తిరిగాను, ఇంటికి పోయినప్పుడు మాత్రం ఏ సీసా ఇస్తే అది పట్టుకున్నాను.

కాబట్టి నా ఇష్టం కూడా మార్టినీ పక్కనే రాసిపెడుతున్నా. ఈత. చలికాలం, సంక్రాంతికి ముందు. ఒకే చెట్టుది, నాలుగు చెట్లవి కలిపింది కాదు. పొద్దున ఎనిమిదిన్నరకి. ఫ్రిజ్ వద్దు, చలికి లొట్టి చల్లదనమే సరిపోతుంది. వడకట్టాలి కానీ మరీ పలుచటి గుడ్డతో కాదు. రేక. శనగ గుడాల్లో ఉల్లిగడ్డ పచ్చిది.

ఒర్రె ఒడ్డు మీది వంకర ఈత ఇంకా ఉంది. మొన్న పోయి గాట్లు లెక్కపెట్టాను, పై గాటు ఎండి నల్లబడింది. గౌడు మామకి మోకాళ్ళు పోయాయి, కొడుకు షార్జాలో క్రేన్ నడుపుతున్నాడు. ఇంటిముందు కూచుని అడిగాడు, "ఏంది బిడ్డా, గా చెట్టుకాడికి పోయినవట?" అవును మామా అన్నాను. "గుట్ట కిందిది పోవాల్సింది," అన్నాడు. "గిది పలుచగుంటది."