టాపిక్ కాలేజీలో కాదు, ఊళ్లో తేల్చండి

వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలకు, ఎంపీహెచ్ కోర్సు నడిపే విద్యాసంస్థలకు, మండలంలోని సర్పంచులకు, ఆశా కార్యకర్తలకు వెలిగండ్ల మండల వాసుల విన్నపం.



ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగే విద్యార్థులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వచ్చేవాళ్లు మంచి పిల్లలే. ఎండలో తిరుగుతారు, పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడతారు. చిక్కంతా వాళ్లు రాకముందే జరిగిపోతుంది. పాత థీసిస్ ఒకటి ముందు పెట్టుకుని, ఊరి పేరు మార్చి, ఫార్ములాలో అంకెలు వేసి, శాంపిల్ సైజు రాబట్టి, ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందాక గానీ చాలామంది ఊరి మొహం చూడరు. చూశాక మార్చే వీలుండదు.

అందుకే మేం అడుగుతున్నాం: టాపిక్ ఖాయం చేయకముందే విద్యార్థిని రెండు వారాలు మండలంలో ఉంచండి.

నీళ్ల సంగతే తీసుకోండి. ప్రశ్నావళిలో తాగునీటికి ఒక గడి ఉంటుంది: బోరు, కుళాయి, ఫిల్టర్ ప్లాంటు. ఇంటావిడ ‘ఫిల్టర్ నీళ్లే నాయనా’ అంటుంది, విద్యార్థి టిక్ కొడతాడు. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ పొయ్యి మీద అన్నం, పప్పు ఉడికేది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో. కూలికి పోయిన చోట ఏ మోటారు ఆడుతుంటే ఆ నీళ్లే దోసిలి పట్టి తాగుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు సరికదా, నీరు ఇగిరేకొద్దీ మోతాదు పెరుగుతుంది. పైగా అరవై ఏళ్ల మనిషి నడుము వంగిపోవడానికి కారణం ఈ ఏటి క్యాను కాదు, ముప్పై నలభై ఏళ్లు తాగిన నీళ్లు. పన్నెండేళ్ల పిల్ల పళ్ల మీది గార కూడా నేటి నీటిని గురించి చెప్పదు. పంటి ఎనామిల్ తయారయ్యే తొలి ఎనిమిదేళ్లలో తాగిన నీటిని గురించి చెబుతుంది. ఆ ఎనిమిదేళ్లూ పిల్ల ఇక్కడే అవ్వ దగ్గర ఉందా, అమ్మానాన్నల బేల్దారి పని వెంట హైదరాబాద్‌లో ఉందా? ఆ ప్రశ్నకు గడి లేకపోతే పళ్ల గారను కొలిచే డీన్స్ ఇండెక్స్ ఎంత జాగ్రత్తగా వేసినా లాభమేముంది?

శాంపిల్ కథా అంతే. జబ్బు సగం మందికి ఉందని అనుకుని, అటూ ఇటూ అయిదు శాతం తేడా ఒప్పుకుంటే ఫార్ములా 400 మందిని చూడమంటుంది. ఏ 400 మందినో మాత్రం అది చెప్పదు. ఉదయం పదకొండుకు ఊళ్లో దిగితే అరుగుల మీద ముసలివాళ్లే దొరుకుతారు. కీళ్లనొప్పుల శాతం ఆకాశాన్ని అంటుతుంది. వలసపోయినవాళ్లను చూడాలంటే సంక్రాంతి నాలుగు రోజులూ ఇక్కడుండాలి. కిడ్నీ జబ్బు మీద చేస్తే ఇంకా కష్టం. అది దీర్ఘకాలిక జబ్బని తేల్చాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి, అంటే అదే మనిషికి మళ్లీ పరీక్ష చేయాలి. ఈలోపు ఆ మనిషి బస్సెక్కి ఉంటాడు. ఇది ప్రొటోకాల్ (పరిశోధన ప్రణాళిక) రాసేటప్పుడే తెలియాలి.

జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేసే మూడు నెలల జిల్లా రెసిడెన్సీ ఉంది కదా అనవచ్చు. పీజీ వైద్య విద్యార్థులకు అది మూడో సెమిస్టర్ నుంచి ఐదో సెమిస్టర్ లోపు వస్తుంది. అప్పటికి ప్రొటోకాల్ ఎప్పుడో దాఖలై ఉంటుంది. ఎంపీహెచ్ వాళ్లకు అదీ లేదు.

ఈ గడ్డ మీద మంచి పరిశోధన జరగలేదని మేం అనడం లేదు. మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారి వివరించిన షార్ట్, మెక్‌రాబర్ట్ బృందం 1937లో రాసింది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. మన మండలమున్న కనిగిరి వైపు అప్పుడు ఆ జిల్లాలోదే, ప్రకాశంలోకి వచ్చింది 1970లో. పిల్లల మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకరపోయే జబ్బును హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారు. ఆ సంస్థ వాళ్లు నీటితో ఆగలేదు, తినే జొన్న దాకా వెళ్లారు. కంచం చూడనివాళ్లకు ఆ ఆలోచన వచ్చేది కాదు.

ఒక హెచ్చరిక. ఈ రెండు వారాల్లో ఎవరినీ ప్రశ్నావళితో ప్రశ్నించకూడదు, రక్తం తీయకూడదు. ఎథిక్స్ ఆమోదానికి ముందు అది తప్పు. పీహెచ్‌సీ ఓపీలో కూర్చోవాలి, ఆశా వెంట నడవాలి, గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గరున్న నీటి పరీక్షల ఫలితాలు అడిగి చూడాలి, తెల్లవారుజామున ఫిల్టర్ ప్లాంటు దగ్గర నిలబడాలి. తిరిగి వెళ్లాక తెలుగులో ఒక పేజీ రాయాలి: ఏం తెలుసుకోవాలనుకుంటున్నాం, అది తేలితే ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారు. రెండో మాటకు జవాబు లేని టాపిక్‌ను గైడు ఒప్పుకోకూడదు. సమ్మతి పత్రం కూడా ఇక్కడి మాటల్లోనే ఉండాలి. ఖమ్మం జిల్లాలో 2009 నాటి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో ఆడపిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన వైనాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. సర్పంచి ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు.

థీసిస్ అయ్యాక పేర్లు తీసేసిన లెక్కల ప్రతి ఒకటి పీహెచ్‌సీలో ఉంచండి, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాను కాలేజీలో భద్రపరచండి. ఇబ్రహీంపట్నం దగ్గర 29 ఊళ్లలో 1987-90 మధ్య జరిగిన పోషకాహార పరిశోధనలోని పిల్లలను 2003-05లో మళ్లీ వెతికి పట్టుకోగలిగారంటే పాత రికార్డు ఉండబట్టే.

గైడ్లకు తీరిక లేదని, ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు. న్యాయమైన మాటే. బస్సు చార్జీ కాలేజీ పెట్టుకోవాలి. వసతి సంగతి మన పంచాయతీలు చూడాలి. ఖాళీగా ఉన్న ఒక గది, ఫ్యాను, రాత్రికి భోజనం పెట్టే ఇల్లు చాలు. వచ్చే గ్రామసభలో ఈ మేరకు తీర్మానం చేసి, ప్రతిని జిల్లా వైద్యాధికారికి, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలకు పంపమని ప్రతి పంచాయతీనీ కోరుతున్నాం. కొత్త బ్యాచ్ ప్రొటోకాల్ గడువు ముగియకముందే పంపండి.

ఇట్లు
వెలిగండ్ల మండల వాసులు కొందరు