కొలిమి ఒకటే, ఆసుపత్రి ద్వారాలు వేరు

ప్రభుత్వరంగ ఉక్కు నగరాలలో భిలాయికి విశిష్ట స్థానం ఉంది. సోవియట్ యూనియన్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వలస వెళ్లిన వేలాది తెలుగు కుటుంబాలకు ఆ పట్టణం రెండవ స్వగ్రామమైంది. కార్మికునికి వేతనంతో పాటు వైద్యం కూడా యాజమాన్య బాధ్యతేనన్న భావనకు సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ప్రతీకగా నిలిచింది.

అయితే ఆ బాధ్యత ప్రధానంగా పర్మినెంట్ ఉద్యోగులను దృష్టిలో ఉంచుకుని రూపొందినది. కాలక్రమంలో వారి సంఖ్య తగ్గి, కాంట్రాక్టు కార్మికులపై ఆధారపడటం పెరిగింది. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు వాటంతటవే పర్మినెంట్ కాజాలరని ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో 2001 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఫలితంగా ఒకే కొలిమి వద్ద చెమటోడ్చే ఇద్దరికి జబ్బు చేస్తే చెరొక ద్వారం చూసుకోవలసి వస్తున్నది. ప్రమాదానికి మాత్రం ఈ తారతమ్యం తెలియదు. 2014 జూన్‌లో కర్మాగారంలో విషవాయువు వెలువడి, సీనియర్ అధికారులు సహా ఆరుగురు మృతి చెందడమే ఇందుకు నిదర్శనం.

కాంట్రాక్టు కార్మికునికి చట్టం ఏ రక్షణా కల్పించలేదనడం సరికాదు. 2017 జనవరిలో కార్మిక రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) వేతన పరిమితిని నెలకు రూ.21,000కు పెంచారు. 2019 జూలైలో చందాను యాజమాన్యానికి 3.25 శాతంగా, కార్మికునికి 0.75 శాతంగా నిర్ణయించారు. కాంట్రాక్టరు ద్వారా పనిచేసే వారి చందాను తొలుత ప్రధాన యజమానే చెల్లించి, పిమ్మట కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1948 నాటి చట్టంలోనే నిర్దేశించారు. పనిలో గాయపడి తాత్కాలికంగా అశక్తుడైన వానికి వేతనంలో సుమారు 90 శాతం పరిహారంగా లభించే ఏర్పాటు కూడా ఈ పథకంలో ఉంది. కానీ తన పేరిట బీమా నంబరు ఉన్నదో లేదో, జీతంలో కోత పడిన చందా జమ అయినదో లేదో కార్మికునికి తెలియనప్పుడు ఈ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ ఈ ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.

ఇ.ఎస్.ఐ. పరిధిలోకి రానివారికి ఆయుష్మాన్ భారత్ మరొక ద్వారం. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ పథకం అర్హత గల కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్య రక్షణ కల్పిస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో తన పథకాన్ని రేషన్ కార్డుతో ముడిపెట్టి, ప్రాధాన్య వర్గాలకు రూ.5 లక్షలు, ఇతర కార్డుదారులకు రూ.50 వేలు చొప్పున పరిమితి విధించింది. రేషన్ కార్డు స్వగ్రామంలోనే ఉండిపోయిన వలస కుటుంబానికి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాలకు విస్తరించింది; భిలాయి ఆ జాబితాలో లేదు. పైగా ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వారికే వర్తిస్తుంది. నెలనెలా కొనవలసిన రక్తపోటు, మధుమేహం మందుల భారం రోగిపైనే పడుతున్నది.

అత్యవసర పరిస్థితిలో కార్డుల ప్రస్తావనకే తావుండరాదు. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు వరుసగా తిప్పి పంపిన కేసులో, సకాలంలో చికిత్స నిరాకరించడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ తీర్పు సారాంశం ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద కనిపించవలసి ఉంది.

భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజ్‌హరాలోనే దీనికి ఒక సమాధానం లభించింది. 1977 జూన్ పోలీసు కాల్పులలో మరణించిన సహచరుల స్మృత్యర్థం, శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని గని కార్మికుల సంఘం 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పింది. సొంత చందాలతో, శ్రమదానంతో కట్టుకున్న ఆ ఆసుపత్రిని కార్మికులు పరిసర గ్రామాల రైతులకూ అందుబాటులో ఉంచారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురైన తరువాత కూడా దాని సేవలు కొనసాగాయి. నిరుపేద కార్మికులు చేయగలిగిన పని ప్రభుత్వానికి, భారీ సంస్థకు అసాధ్యమని ఎవరూ అనజాలరు.

ఇందుకు కోట్లు వెచ్చించి కొత్త భవనాలు కట్టనవసరం లేదు. ప్రతి కాంట్రాక్టు కార్మికునికీ పనిలో చేరిన రోజే బీమా నంబరు అందేలా ప్రధాన యాజమాన్యం చూడాలి. చందా రసీదు చూపనిదే కాంట్రాక్టరు బిల్లు చెల్లించరాదు. సర్కారు ఆసుపత్రులలో హిందీతో పాటు తెలుగు, ఒరియా భాషలలో రోగులకు దారి చూపే సహాయ కేంద్రాలు ఉండాలి. ఏ రాష్ట్రం కార్డు అయినా నివాసమున్న చోట చెల్లేలా ఉభయ ప్రభుత్వాలు అవగాహనకు రావాలి. రోగి ఎవరి మనిషి అన్న ప్రశ్న కంటే అతనికి వచ్చిన జబ్బేమిటన్న ప్రశ్న ముందు రానంతకాలం, ఎన్ని పథకాలు ప్రకటించినా ప్రయోజనం అంతంతమాత్రమే.