తెల్లబట్ట గురించి

గుడి తరగతుల్లో మనం కన్ను, ముక్కు, చెవి, మోకాలు అన్నీ నేర్చుకున్నాం. నడుముకీ మోకాలికీ మధ్య ఉన్నవాటి పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ నెల ఆ మాటలు చూద్దాం. మగపిల్లలూ చదవండి, మీ ఇంట్లోనూ ఆడవాళ్లు ఉన్నారు.

యోని అంటే బిడ్డ బయటికి వచ్చే దారి. అక్కడినుంచి తెల్లగా వచ్చేదాన్ని మన పెద్దవాళ్లు తెల్లబట్ట అంటారు. "తెల్లబట్ట అవుతోంది" అని అవ్వ అంటే ఆమె చీర గురించి మాట్లాడటం లేదు! కొంచెం తెల్లబట్ట అందరికీ అవుతుంది, అది జబ్బు కాదు. విరిగిన పాలలాగా ముక్కలుగా వచ్చి, దురద పుట్టి, మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే అది ఈస్ట్ వల్ల కావచ్చు. దురద అంటే గోక్కోవాలని అనిపించడం. ఈ ఈస్ట్ పేరు కాండిడా. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. శుభ్రంగా ఉన్నవాళ్లకీ వస్తుంది.

ఏం తింటే రాదు అని నన్ను చాలామంది అడుగుతారు. బ్రెడ్ మానేయాలా? అక్కర్లేదు. బ్రెడ్‌లో వేసే ఈస్ట్ వేరు, పైగా అది కాల్చేటప్పుడు చచ్చిపోతుంది. బన్నీ చౌ హాయిగా తినండి.

పంచదార సంగతి వేరు. ఆరోగ్యంగా ఉన్న మనిషి టీలో ఒక చెంచా వేసుకుంటే ఈస్ట్ వస్తుందని రుజువు లేదు. కానీ రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే ఈస్ట్ బాగా పెరుగుతుంది. డర్బన్‌లో మన ఇళ్లలో షుగర్ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు. నాకు తెలిసిన ఒక పెద్దమ్మ రెండేళ్లు ఈ దురదతో బాధపడింది. ఎవరికీ చెప్పలేదు, పెరుగు తింటూ గడిపింది. కాలికి పుండు పడి మానకపోతే అప్పుడు క్లినిక్‌కు వెళ్లింది. షుగర్ చాలా ఎక్కువగా ఉందని అక్కడ తెలిసింది. దురద ముందే చెప్పింది, వినేవాళ్లు లేరు. షుగర్ ఉన్నవాళ్లు కూల్‌డ్రింకు, బర్ఫీ, కంచం నిండా తెల్లన్నం తగ్గిస్తే ఇక్కడ కూడా మేలు జరుగుతుంది. షుగర్‌కు వాడే కొన్ని కొత్త మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి. వాటివల్ల కూడా ఈస్ట్ రావచ్చు. మాత్ర మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

ఇక పెరుగు, మాస్. యోనిలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అది లోపల పులుపుగా ఉంచి ఈస్ట్‌ను పెరగనివ్వదు. యాంటీబయోటిక్ వేసుకుంటే ఆ మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, అందుకే ఆ మందుల తర్వాత దురద వస్తుంది. పెరుగు తింటే ఈస్ట్ రాకుండా ఉంటుందా? పరీక్షల్లో ఒకే జవాబు రాలేదు. మంచి తిండి కాబట్టి తినండి, మందు అనుకోకండి. పెరుగు గానీ వెల్లుల్లి గానీ లోపల పెట్టకండి.

మన అవ్వలు దీన్ని "వేడి చేసింది" అనేవాళ్లు, మజ్జిగ, మెంతుల నీళ్లు ఇచ్చేవాళ్లు. మజ్జిగ మంచిదే. నాకైతే ఫిబ్రవరిలో డర్బన్ ఉక్క, నైలాన్ టైట్స్, తడి స్విమ్మింగ్ బట్టలే అసలు వేడి అనిపిస్తుంది. నూలు లోదుస్తులు వేసుకోండి, తడి బట్టలు వెంటనే మార్చుకోండి. లోపల సబ్బుతో కడగకండి.

క్లోట్రిమజోల్ క్రీము, లోపల పెట్టే బిళ్ల ఫార్మసీలో దొరుకుతాయి. కానీ మొదటిసారి వచ్చినా, కడుపుతో ఉన్నా, చేపల వాసన వచ్చినా, జ్వరం లేదా పొత్తికడుపు నొప్పి ఉన్నా ముందు క్లినిక్‌కు వెళ్లండి. ఏడాదిలో మూడుసార్లు వస్తే షుగర్ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష రెండూ అడగండి.

ఈ నెల గట్టిగా చదవాల్సిన వాక్యాలు ఇవి. అమ్మతోనో పిన్నితోనో చదవండి:

"పిన్నీ, నాకు తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది."
"ఎన్నాళ్లనుంచి అమ్మా?"
"వారం నుంచి. దురదగా కూడా ఉంది."
"సరే, రేపు పొద్దున్నే క్లినిక్‌కు వెళ్దాం. నేనూ వస్తాను."