వరద తీసినను తీరని అప్పు

2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీనది పొంగి సూరత్ నగరములో అధికభాగమును ముంచివేసినది. కొన్ని దినములకు వరద తీసినది. మరమగ్గములు తిరిగి ఆడినవి. నగరము కోలుకొన్నదనిరి.

కాని కోలుకొన్నదెవరు? తెలంగాణ జిల్లాలనుండి వలసవెళ్లి, లింబాయత్ వంటి పేటలలో నివసించు మన నేతకార్మికులకు నేసిన మీటర్లనుబట్టియే కూలి. మగ్గమాగిన దినమున కూలి లేదు. ఇంటి అద్దె మాత్రము ఆగదు. అప్పు తప్పదు. యజమాని తన యంత్రనష్టమును లెక్కలలో చూపగలడు. హాజరుపట్టీలో పేరైనను లేని కార్మికుడు పోయిన కూలిని ఏ కాగితముతో చూపగలడు?

సూరత్‌కు నేర్చుకొను శక్తి కలదు. 1994 ప్లేగు అనంతరము పారిశుద్ధ్యమును సంస్కరించి దేశమునకు ఆదర్శమైనది. 2006 అనంతరము వరద హెచ్చరిక ఏర్పాట్లను మెరుగుపరచుకొన్నది. ఇవి హర్షణీయములే. అయినను హెచ్చరిక ప్రాణమును కాపాడును. పోయిన కూలిని తిరిగి తేజాలదు.

కార్మికుని అప్పు తీరిన దినమే వరద నిజముగా తీసిన దినము. కావున ప్రతి కార్మికుని పేరు హాజరుపట్టీకెక్కవలెను. మగ్గములాగిన దినములకు భృతి లభింపవలెను. సహాయమును పంచు సంఘములలో కార్మికసంఘములకు స్థానముండవలెను. సోదరులారా! వీటికై తదుపరి వరద రాకముందే పోరాడుదము.