పాత యంత్రానికి మరణశాసనమా?

పదిహేనేండ్ల నాటి నా కంప్యూటరును చూచి, బాగుచేసే దుకాణంవారు నిరుడు తీర్పు చెప్పేశారు. "మాస్టారూ, విండోస్ 10కు గడువు ముగిసింది, 11 దీనిలో ఎక్కదు. తూకానికి వేసి కొత్తది కొనుక్కోండి." మరి అందులోని మా బడిపత్రిక మాటేమిటని అడిగితే, "పాత ఫైళ్ళు ఇప్పుడెవరు చూస్తారండీ!" అన్నారు. ఆ మాటకు సమాధానమే ఈ టపా.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన మాట నిజమే. విండోస్ 11 టీపీఎం 2.0 కోరుతుందన్నదీ నిజమే. కాని ఒక నిర్వాహక వ్యవస్థకు గడువు తీరితే యంత్రానికే ఆయువు తీరినట్లా? అద్దె ఒప్పందం ముగిసినంత మాత్రాన ఇల్లు కూల్చుతామా?

ఆ పత్రికను 2001 నుంచి 2004 వరకు మా విద్యార్థులు వ్రాశారు. నేను పేజ్‌మేకర్‌లో కూర్చాను. అప్పటి తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరాల స్థానాలలో తలకట్టులను, గుడులను, ఒత్తులను ఇమిడ్చి చూపేవి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిల్లల పద్యాలు అర్థంలేని గుర్తుల కుప్పగా కనబడతాయి. నా దగ్గరున్న పేజ్‌మేకర్ ఎక్స్‌పీ మీద నడచినది. కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన నాకు ఒరిగేదేమిటి?

దీనికి మందు వర్చువల్ మెషీను. మిథ్యాయంత్రమని తెనిగించబోయి ఆగాను. పనిచేసేదానిని మిథ్య అనడం న్యాయం కాదు. కల్పితయంత్రమందాం. ఒక యంత్రంలో మరొక యంత్రాన్ని కల్పించి నడపడమే ఇది. ఐబీఎం వారు తమ పెద్ద కంప్యూటర్లకు వీఎం/370ని 1972లోనే ప్రకటించారు. ఇది నిన్నమొన్నటి వింత కాదు.

"నాలుగు జీబీల మెమరీతో అది కుదరదు" అన్నారొక మిత్రులు. నాకు కుదిరింది. మొదట తప్పు చేసిన మాట ఒప్పుకొంటాను. ఉదారంగా కల్పితయంత్రానికి మూడు జీబీలు ధారపోశాను. ఆతిథ్యమిచ్చే వ్యవస్థకు మెమరీ చాలక హార్డుడిస్కును ఆశ్రయించింది. మౌసు కదలడమే గగనమైంది. అతిథికి ఇల్లంతా ఇచ్చి ఇంటివారు వీధిన పడ్డట్టయింది.

తరువాత పొదుపు నేర్చాను. డెబియన్ వేసి, తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరను ఎంచుకొన్నాను. బయోస్‌లో వర్చువలైజేషన్ సదుపాయాన్ని తెరిచాను. వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి ప్రాసెసరులో ఆ సదుపాయం ఉండితీరాలి. లైసెన్సుతో కొన్న నా ఎక్స్‌పీకి 512 ఎంబీల మెమరీ, ఒక్క కోరు, అవసరాన్ని బట్టి పెరిగే పది జీబీల డిస్కు కేటాయించాను. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది గనుక దానికి ఇంటర్నెట్ సంబంధం తెంచివేశాను. ఒకేసారి రెండు కల్పితయంత్రాలను నడపను. ఆ సాయంత్రం పేజ్‌మేకర్ తెరుచుకొంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు వానమీద వ్రాసిన సీసపద్యం, నేను దిద్దకుండా వదిలేసిన యతిభంగంతో సహా, అక్షరం చెక్కుచెదరకుండా కనబడింది.

స్నాప్‌షాట్ తీశాం గదా, ఇక భయంలేదనుకొనేవారికి ఒక మాట. స్నాప్‌షాట్ ఉండేదీ ఆ డిస్కులోనే. డిస్కు పోతే రెండూ పోతాయి. కల్పితయంత్రాన్ని ఆపి, దాని ఫైళ్ళన్నిటినీ వేరొక డిస్కులోనికి ప్రతి తీయాలి.

దృశ్యాలు కూర్చేవారికి కొత్త యంత్రం కావాలంటే కాదనను. నా వాదం ఒక్కటే. ఎవరికేమి కావాలో అడుగకుండా అందరికీ ఒకే మందు వ్రాయడం వైద్యం కాదు, వ్యాపారం. పైగా కల్పితయంత్రం శాశ్వత పరిష్కారమూ కాదు, మనకు దొరికిన వ్యవధి. ఆ వ్యవధిలో రోజుకు నాలుగు పుటల చొప్పున పత్రికను యూనికోడులోనికి మార్చుతున్నాను. 2001 సంచిక పూర్తయింది, ఇంకా మూడున్నాయి.

చదువరులారా, మీ అటక మీద అలనాటి సీడీలుంటే తూకానికి వేసేముందు ఒక్కమారు తెరిచి చూడండి. పాత ఫైళ్ళు ఎవరు చూస్తారని మిమ్మల్నెవరైనా అడిగితే, వ్రాసినవారు చూస్తారని చెప్పండి.