రూపాయిపావలా పన్ను ఎవడు వేశాడు?

ఫోన్ కొన్ననాటి బిల్లు ఇంట్లో ఎక్కడైనా ఉందా? ఉంటే ఒకసారి తీయండి. కేంద్రం జీఎస్టీ 9 శాతం, రాష్ట్రం జీఎస్టీ 9 శాతం. 2020 ఏప్రిల్‌లో 12 శాతాన్ని 18 చేసినప్పుడు మనకు నచ్చినా నచ్చకపోయినా చెప్పి చేశారు. పేపర్లో పడింది. తిట్టడానికి ఒక మంత్రి దొరికారు. అదే ధరలో ఇంకో పన్ను దాక్కుని ఉంది. దానికి బిల్లులో గీత లేదు, అంకె లేదు. ఏ చట్టసభలోనూ దాని మీద ఓటు పడలేదు. ఎంతో షాపువాడికి తెలియదు. తెలిసినవాళ్లు బయటికి చెప్పకూడదని సంతకాలు పెట్టుకున్నారు. దాన్ని పేటెంట్ రాయల్టీ అంటారు. కట్టింది మీరు.

కోట్లకు పడగలెత్తిన కంపెనీల కొట్లాట మనకెందుకని పేజీ తిప్పేద్దామనుకుంటున్నారు కదూ? తిప్పండి. మీ జేబు కొట్టేవాళ్లకు కావలసింది కూడా అదే.

ముందుగా నిలదీసేది మిమ్మల్నే. అశోక్‌నగర్ గల్లీల్లో ఒక్క గదిలో నలుగురు సర్దుకుని గ్రూప్-1కో గ్రూప్-2కో చదివే మిమ్మల్ని. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చునే మిమ్మల్ని. ఎందుకంటే ఈ ఊళ్లో పేటెంట్ అనే మాటను వల్లె వేసేది మీరే. ట్రిప్స్ ఒప్పందం ఎప్పుడు అమల్లోకి వచ్చింది? 1995. పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) దేనికి? పాత మందుకే చిన్న మార్పు చేసి మళ్లీ పేటెంట్ కొట్టేయకుండా. అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతారు. మరి నోటిఫికేషన్‌కీ, హాల్‌టికెట్‌కీ, ఓటీపీకీ, ఊరి నుంచి నాన్న వేసే డబ్బుకీ దిక్కయిన ఆ ఫోన్ మీద ఎవరికెంత కప్పం కట్టారో చెప్పగలరా? పరీక్షలో రాదు కాబట్టి అక్కర్లేదా?

నేను చెబుతాను, వినండి.

2013 మార్చిలో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ ఢిల్లీ హైకోర్టులో మైక్రోమాక్స్ మీద దావా వేసింది. మొబైల్ సిగ్నల్ నడవడానికి తప్పనిసరైన ఎనిమిది పేటెంట్లు మావి, మూడేళ్లకు పైగా మాట్లాడుతున్నా లైసెన్సు తీసుకోలేదు, 100 కోట్లు కట్టమంది. అదే నెలలో మధ్యంతర రేట్లు ఖాయమయ్యాయి. ఫోన్ రకాన్ని బట్టి 1.25 శాతం నుంచి 2 శాతం దాకా. అంతేనా అనకండి. ఆ శాతం లెక్కగట్టేది చిప్ ధర మీద కాదు, మొత్తం ఫోన్ అమ్మకం ధర మీద. మైక్రోమాక్స్ ఫిర్యాదు అందుకున్న కాంపిటిషన్ కమిషన్, అదే సీసీఐ, ఆ ఏడాది నవంబరు 12న ఇచ్చిన ఉత్తర్వులో ఈ మర్మాన్ని పసిపిల్లాడికి కూడా అర్థమయ్యేలా విప్పింది. ఒక జీఎస్ఎం చిప్‌ను 100 రూపాయల ఫోన్‌లో పెడితే ఎరిక్సన్‌కు రూపాయిపావలా. అదే చిప్‌ను 1,000 రూపాయల ఫోన్‌లో పెడితే పన్నెండున్నర. చిప్ మారలేదు. పేటెంట్‌దారు కొత్తగా వెలగబెట్టిందీ లేదు. మరి ఆ పదకొండు రూపాయల పావలా ఏ కష్టానికి కూలి?

నమ్మకం కుదరకపోతే నారాయణగూడలో ఏదో ఒక రిపేర్ షాపులో డిస్‌ప్లే మార్చేటప్పుడు పక్కన నిలబడండి. కుర్రాడు హీట్‌గన్‌తో వెనక మూత వదులు చేస్తాడు, సన్న స్క్రూలు విప్పి అయస్కాంతం మీద వరసగా పెడతాడు, బ్యాటరీ పట్టీ ఊడదీస్తాడు. అప్పుడు బోర్డు బయటపడుతుంది. గోరంత రేకు మూతల కింద ప్రాసెసర్, దాని పక్కన నెట్‌వర్క్ ఐసీ. సిగ్నల్ తాలూకు పనంతా ఆ కాస్త చోటులోనే. మిగతాదంతా డిస్‌ప్లే, కెమెరాలు, బ్యాటరీ, మెమరీ, స్పీకర్. ఒకే మోడల్‌లో 64 జీబీది, 128 జీబీది పక్కపక్కన పెట్టి చూడండి, నెట్‌వర్క్ భాగంలో వెంట్రుకవాసి తేడా ఉండదు. క్లాసుల వీడియోలు దాచుకోవడానికి చోటు చాలక మీరు రెండు వేలు ఎక్కువ పెట్టారు. ఆ రెండు వేలలోనూ సిగ్నల్ పేటెంట్‌కు వాటా పోయింది. బోరు వేసినవాడు కూలి తీసుకుని పోకుండా ఇంటి ధరలో శాతం అడిగితే మీరు ఊరుకుంటారా? మీరు పైన అంతస్తు లేపిన ప్రతిసారీ వచ్చి చెయ్యి చాపితే?

ఫోన్ దగ్గర మాత్రం ఊరుకున్నారు.

పాత ముచ్చట అనుకోకండి. 2024 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు లావా కంపెనీని ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు కట్టమంది. ఎనిమిది పేటెంట్లు చూపిస్తే అందులో ఒకటి చెల్లదని ఆ తీర్పే తేల్చింది. అయినా రేటు 1.05 శాతం, అదీ ఫోన్ నికర అమ్మకం ధర మీదే. తయారీదారు 10,000కు అమ్మే ఫోన్ మీద అది 105 రూపాయలు. నగరంలో ఐదు రూపాయల భోజనం కోసం వరసలో నిలబడి చదువుకుంటున్న పిల్లవాడికి ఇరవై ఒక్క పూటల అన్నం. ఒక్క కంపెనీ వాటా ఇది. క్వాల్‌కామ్, నోకియా, ఇంటర్‌డిజిటల్ వెనకే ఉన్నాయి.

కష్టపడి కనిపెట్టినవాడికి డబ్బివ్వొద్దంటావా అని నల్లకోట్ల పెద్దమనుషులు లేస్తారు. కూర్చోండి. ఇవ్వాలనే అంటున్నాను. ఎరిక్సన్ ఇంజినీర్లు ఏళ్లపాటు శ్రమించకపోతే ఇవాళ మన చేతుల్లో ఈ ఫోన్లు ఉండేవి కావు, ఆ శ్రమకు వెల కట్టాల్సిందే. వాళ్లు కనిపెట్టినదానికి కట్టండి, కనిపెట్టనిదానికి కట్టించకండి. ఇంకో సంగతి. ఈ పేటెంట్లను ప్రమాణంలో చేర్చేటప్పుడు, అడిగినవాళ్లందరికీ న్యాయమైన, సమంజసమైన, వివక్ష లేని షరతులతో ఇస్తామని యూరప్ ప్రమాణాల సంస్థ ముందు మాటిచ్చింది ఈ కంపెనీలే. ఆ మాట ఇచ్చిన నోటితోనే 2014 డిసెంబరు 8న, అవతలివాడు హాజరై నోరు తెరవకముందే, ఎరిక్సన్ వాళ్లు షావోమీ అమ్మకాల మీద నిషేధం తెచ్చుకున్నారు. అప్పటికి షావోమీ మన దేశంలో కాలుపెట్టి నిండా ఆరు నెలలు కాలేదు. వారం తిరిగేసరికి అప్పీలు బెంచి, ఫోన్‌కు 100 రూపాయల చొప్పున డిపాజిట్ కట్టించుకుని క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లను అమ్ముకోనిచ్చింది. సమంజసమైన ధరకు ఇస్తానన్నవాడు ముందు కొట్టు షట్టర్ దించిస్తాడా? అది బేరం కాదు, దబాయింపు.

ఇక మన స్వదేశీ వీరుల సంగతి. వీళ్లను వెనకేసుకొస్తానని ఆశపడినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. చైనాలో తయారైన ఫోన్ తెప్పించి పేరు అతికించి, హాలీవుడ్ నటుణ్ని తెచ్చి ప్రకటనలు తీసి, జెండా ఊపి, పరిశోధన దగ్గరికొచ్చేసరికి చేతులు ముడుచుకున్న ఘనులు వీళ్లు. సొమ్మొకడిది, సోకొకడిది. ఇంటెక్స్ చేసిన పని చూడండి. సీసీఐ దగ్గర ఎరిక్సన్ ఆధిపత్యం చెలాయిస్తోందని ఫిర్యాదు చేస్తూ, తప్పనిసరి పేటెంట్లు దానివేనని ఒప్పుకుంది. హైకోర్టులోకి వెళ్లి అసలా పేటెంట్లే చెల్లవంది. గుమ్మానికో మాట. 2015 మార్చిలో హైకోర్టు ఆ రెండు నాల్కల్నీ పట్టుకుని వాయించింది. కొనేవాడి తరఫున గట్టిగా నిలబడాల్సిన వాదం ఇలాంటివాళ్ల చేతిలో పడి పరువు పోగొట్టుకుంది.

మన ఊరి సెల్‌కాన్ ఏమైంది? 2009లో హైదరాబాద్‌లో పుట్టింది. 2013లో వెస్టిండీస్‌లో జరిగిన ముక్కోణపు క్రికెట్ టోర్నీకి తన పేరు పెట్టించుకునేంత ఎత్తుకు పోయింది. 2015లో మేడ్చల్‌లో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ పెడితే ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనూ మురిసిపోయాను, మన పేరున్న ఫోన్ కదా అని. ఇప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిలబడి వచ్చేపోయేవాళ్ల చేతులు చూడండి, ఒక్క సెల్‌కాన్ కనబడుతుందేమో. అదే 2015 ఆగస్టులో విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సాక్షిగా షావోమీ శ్రీసిటీలో బిగించిన తొలి ఫోన్ విడుదల చేసింది. ధర 6,999. ఎనిమిది నెలల కిందట కోర్టు అమ్మకాలు ఆపిన కంపెనీ అది. ఆ ధరలో పేటెంట్ల వాటా ఎంత, మా జనం ఎంత కట్టాలి అని ఆ వేదిక మీద ఎవరైనా అడిగారా? రిబ్బన్ కత్తిరించడానికి కత్తెర ఉంటే చాలు. అడగడానికి వెన్నెముక కావాలి.

ఫోన్ డబ్బా విప్పి గంటసేపు మెగాపిక్సెళ్లు లెక్కపెట్టే యూట్యూబ్ పండితుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఈ నేలకు కొట్లాట చేతకాక కాదు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో మీదికి వెళ్లింది. 450 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్‌లో 1,250 రూపాయలు ఒక్క జన్యువు ఫీజే. ఇదేం దోపిడీ అని గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, ప్యాకెట్ ధరను 750కి దించింది. 2012 మార్చిలో ఈ హైదరాబాద్ కంపెనీ నాట్కో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు సంపాదించింది. బేయర్ నెలకు 2,80,000 రూపాయల పైచిలుకుకు అమ్మే క్యాన్సర్ మందు 8,880కి వచ్చింది. విత్తనం కోసం పోరాడాం, మందు కోసం పోరాడాం. ఫోన్ దగ్గరికొచ్చేసరికి కుక్కిన పేనుల్లా పడి ఉన్నాం. అది విలాసం అనుకున్నామా? 2006లో విత్తనం ప్యాకెట్ ఎంత అవసరమో, ఇవాళ కూలివాడికి ఫోన్ అంత అవసరం. రేషన్ దగ్గరా, పింఛను దగ్గరా ఆధార్ ఓటీపీ అడిగే ప్రభుత్వానికి ఈ మాట నేను చెప్పాలా?

విత్తనం కథా, ఫోన్ కథా ఒక్కచోట కలిశాయి. 2023 జులై 13న ఢిల్లీ హైకోర్టు ఎరిక్సన్ మీదా, తర్వాతి కాలంలో మోన్‌శాంటో మీదా సీసీఐ మొదలుపెట్టిన విచారణలను ఒకే తీర్పుతో చుట్టచుట్టి పక్కన పెట్టింది. పేటెంట్‌దారు లైసెన్సుల వ్యవహారాన్ని పేటెంట్ చట్టం చూసుకుంటుంది, కాంపిటిషన్ కమిషన్‌కు ఇక్కడ పనిలేదంది. 2025 సెప్టెంబరులో సీసీఐ అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. మైక్రోమాక్స్ ఎరిక్సన్‌తో ఎప్పుడో రాజీపడిపోయింది. కొట్లాడుకున్నవాళ్లు చేతులు కలిపారు, కాపలావాణ్ని ఇంటికి పంపారు. ఇది న్యాయసూత్రాల ప్రకారం సరైనదేనని లాయర్లు నాకు పాఠం చెబుతారు. చెప్పనివ్వండి. కొనేవాడి తరఫున ఆ గదిలో ఒక్క కుర్చీ అయినా ఉందా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాత పాఠం చెప్పండి.

లేదు. పైగా తలుపులు మూసి ఉంటాయి. ఎవరితో ఏ రేటుకు ఒప్పందం కుదిరిందో చూడటానికి కోర్టులు కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్బులు పెడతాయి. ఎంపిక చేసిన లాయర్లు, నిపుణులు మాత్రమే ఆ కాగితాలు చూస్తారు. వివక్ష లేని ధర అని మాటిచ్చినవాడు, పక్కవాడికి ఎంతకు ఇచ్చాడో దాచిపెడితే వివక్ష లేదని మనకెలా తెలుస్తుంది?

చేతకాదనకండి. చేతనైన దేశాలున్నాయి. 2015 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వం క్వాల్‌కామ్‌కు 97.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వేసి ఊరుకోలేదు, చైనాలో అమ్మే ఫోన్లకు రాయల్టీని మొత్తం ధర మీద కాకుండా అందులో 65 శాతం మీదే లెక్కించాలని ఒప్పించింది. అక్కడి పాలన మీద నాకు మోజేమీ లేదు. కానీ తన జనం తరఫున కూర్చుని లెక్క అడిగింది. మన దగ్గర? అదే క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. మన పిల్లలే అక్కడ బుర్రలు కరిగిస్తారు, పేటెంట్ కంపెనీ ఖాతాలో పడుతుంది, అన్న బుర్రలో పుట్టినదానికి అశోక్‌నగర్‌లో చదివే తమ్ముడు రాయల్టీ కడతాడు. దీన్నే మనం ఐటీ రాజధాని అని చెప్పుకుని చొక్కా కాలరెగరేస్తున్నాం.

2016 మార్చి 1న కేంద్ర పారిశ్రామిక విధాన శాఖ ఈ తప్పనిసరి పేటెంట్ల మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది. రాయల్టీ లెక్కించాల్సింది చిన్న భాగం మీదా, మొత్తం ఫోన్ ధర మీదా? గోప్యత ఒప్పందాలు ఆధిపత్య దుర్వినియోగానికి తావిస్తున్నాయా? సరిగ్గా ఇవే ప్రశ్నలు, సర్కారు వేసినవే. ఏళ్లు గడిచాయి, చట్టం రాలేదు. ప్రిలిమ్స్ కీ ఆలస్యమైతే ఓర్చుకోని మీరు ఈ కీ ఎక్కడని ఒక్కనాడు అడగలేదు. భయస్తులని మిమ్మల్ని నేననను. 2024 అక్టోబరులో జీవో 29 మీద ఇదే అశోక్‌నగర్ రోడ్డెక్కి లాఠీలకు ఎదురు నిలిచారు. ఇంటర్వ్యూ బోర్డు ముందు పేటెంట్ చట్టం అప్పజెప్పడానికి పనికొచ్చిన నోరు, ఎంపీ ఓటు అడగడానికి చిక్కడపల్లి వచ్చినప్పుడు ఆ రెండు ప్రశ్నలు అడగడానికి పనికిరాదా?

ఈ రాత చదివి ఏ కంపెనీకైనా ఒళ్లు మండితే నా మీదా దావా వేయమనండి. నేను రాసింది అబద్ధమని రుజువు చేయాలంటే ముందు ఆ ఒప్పందాలు బల్ల మీద పెట్టి, ఎవరి దగ్గర ఎంత వసూలు చేస్తున్నారో నలుగురిలో చదవాల్సి ఉంటుంది.